ల్యాబ్‌కు పదిహేను రోజులు ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల కళాశాల విద్యా కమిషనర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్లకు,

ఏటా డిగ్రీ కాలేజీలకు అకడమిక్ క్యాలెండర్ వస్తుంది. క్లాసులు ఎప్పుడు మొదలవుతాయి, ఇంటర్నల్స్ ఎప్పుడు, ప్రాక్టికల్ పరీక్షలు ఎప్పుడు, దసరా సెలవులు ఎన్ని, సెమిస్టర్ చివరి పనిదినం ఏది అన్నీ అందులో ఉంటాయి. ల్యాబ్‌ను సిద్ధం చేసుకోవడానికి మాత్రం ఒక్క రోజు కూడా ఉండదు. ఆ పని ఎవరో ఒకరు ఎలాగో ఒకలా చేసేస్తారనే నమ్మకం మీదే క్యాలెండర్ తయారవుతోంది.

ఆ పని చేసేది ల్యాబ్ టెక్నీషియన్. సర్వీసు పుస్తకంలో అతని పోస్టు ల్యాబ్ అసిస్టెంట్ కావచ్చు, స్టోర్ కీపర్ కావచ్చు, మ్యూజియం కీపర్, హెర్బేరియం కీపర్, మెకానిక్ కావచ్చు. చాలాచోట్ల ఆ పోస్టు ఖాళీగా ఉండి, కాంట్రాక్టు మీదో అవుట్‌సోర్సింగ్ మీదో వచ్చిన మనిషి, లేదా చూసి చూసి పని నేర్చుకున్న అటెండరు ఆ బాధ్యత మోస్తుంటాడు. పేరు ఏదైనా క్లాసులు మొదలయ్యే ముందు అతని కష్టం ఒకటే. పని కొండంత, చేతిలో ఉన్నవి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లోనూ అతన్ని ల్యాబ్‌లో ఉండనివ్వరు.

ఈ లేఖ అడిగేది ప్రధానంగా ఒక్కటే. క్లాసులు మొదలయ్యే ముందు పదిహేను పనిదినాలను ల్యాబ్ సన్నద్ధతకు కేటాయించి, క్యాలెండర్‌లో రాయించండి. ఆ రోజుల్లో టెక్నీషియన్‌ను వేరే ఏ పనికీ పంపకూడదని ఉత్తర్వు ఇవ్వండి. అంత సమయం ఎందుకని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. కాబట్టి ల్యాబ్ తలుపుల వెనక జరిగే పనేమిటో ముందు చెప్పుకోవాలి.

కెమిస్ట్రీలో మొదటి ప్రాక్టికల్ చాలాసార్లు టైట్రేషనే. ఒక విద్యార్థి కనీసం మూడు రీడింగులు తీయాలి. పిపెట్‌తో ఒక్కోసారి 20 మిల్లీలీటర్లు, కడుక్కోవడానికి కొంత, ఒలికిపోయేది కొంత లెక్కేసుకుంటే మనిషికి 100 మిల్లీలీటర్లు లేనిదే క్లాసు నడవదు. ముప్పై మంది బ్యాచ్‌కు మూడు లీటర్లు. మూడు బ్యాచ్‌లుంటే తొమ్మిది లీటర్లు. ఇది ఒక్క ద్రావణం సంగతి. టైట్రేషన్‌కు రెండు ద్రావణాలు కావాలి, పైగా యాసిడ్, ఇండికేటర్ కావాలి.

పొటాషియం పర్మాంగనేట్‌నే తీసుకోండి. డెసినార్మల్ ద్రావణానికి లీటరుకు 3.16 గ్రాములు తూచి నీళ్లలో వేస్తే పని అయిపోదు. నీళ్లలో ఉండే సేంద్రియ మలినాలతో అది చర్య జరుపుతుంది, మాంగనీస్ డయాక్సైడ్ అడుగుకు దిగుతుంది, గాఢత తగ్గిపోతుంది. అందుకే మరిగించాలి, చల్లార్చాలి, ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచాలి, గాజు ఉన్నితో వడగట్టాలి, గోధుమరంగు సీసాలో పోయాలి. ఆ తర్వాత ఆక్జాలిక్ ఆమ్లంతో టైట్రేట్ చేసి అసలు గాఢత ఎంతో తేల్చాలి. ఇవాళ సాయంత్రం చెప్పి రేపు పొద్దున ల్యాబ్ పెట్టమంటే కుదరని పని ఇది. తప్పదని ఆదరాబాదరాగా కలిపిస్తే విద్యార్థికి తప్పు విలువ వస్తుంది. తన చేతిలోనే ఏదో లోపముందని ఆ పిల్లవాడు అనుకుంటాడు.

మోర్ లవణానిది మరో తీరు. లీటరు డెసినార్మల్ ద్రావణానికి 39.2 గ్రాములు వేయాలి. అదీ సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలోనే వేయాలి, లేకపోతే ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అయి ద్రావణం పసుపుపచ్చగా తిరుగుతుంది. సోడియం హైడ్రాక్సైడ్ తూచుతూ ఉండగానే గాలిలోని తేమ పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. సిల్వర్ నైట్రేట్ వెలుతురు తగిలితే నల్లబడుతుంది, వేలికి తగిలితే ఆ మరక రోజుల తరబడి పోదు. థయోసల్ఫేట్ నిలవ ఉంటే బలం తగ్గుతుంది. ఏది ముందు చేసి పెట్టుకోవచ్చు, ఏది ఆ పొద్దునే చేయాలి అనేది అనుభవం ఉన్న టెక్నీషియన్‌కు కంఠోపాఠం. ఆ అనుభవాన్ని వాడుకునే వ్యవధి మాత్రం అతనికి దొరకదు.

యాసిడ్ పలచన చేయడం వీటన్నింటికన్నా కష్టం. సీసాలో వచ్చే గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ దాదాపు 36 నార్మల్. అయిదు లీటర్ల రెండు నార్మల్ యాసిడ్ కావాలంటే అందులోంచి సుమారు 280 మిల్లీలీటర్లు తీసి, నీళ్లలో సన్నని ధారగా పోస్తూ, గాజు కడ్డీతో కలుపుతూ ఉండాలి. నీళ్లు యాసిడ్‌లో పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిందుతుంది. సరైన పద్ధతిలో పోసినా పాత్ర చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. కాబట్టి దాన్ని చన్నీళ్ల తొట్టిలో ఉంచి, ఆగి ఆగి పోయాలి. జూన్ ఉక్కలో, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగని గదిలో, కళ్లద్దాలు లేకుండా ఈ పని చేసే మనుషులు మన కాలేజీల్లో ఉన్నారు.

ఇక బ్యూరెట్లు. నెలల తరబడి వాడని గాజు స్టాప్‌కాక్ బిగుసుకుపోతుంది. ఆఖరి రోజు క్షారం పోసి కడగకుండా వదిలేసి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. బలంగా తిప్పితే విరుగుతుంది, విరిగితే బ్రేకేజీ రిజిస్టర్‌లో ఎక్కేది టెక్నీషియన్ పేరే. అందుకే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, రెండు వేళ్లతో కొద్దికొద్దిగా కదిలిస్తూ వదులు చేస్తాడు. తుడిచి, సన్నగా వ్యాజలైన్ రాస్తాడు. ఎక్కువ రాస్తే రంధ్రం పూడుకుపోతుంది, తక్కువైతే కారుతుంది. తర్వాత నీళ్లు పోసి స్టాండుకు తగిలించి, చుక్క కారుతోందో లేదో కాసేపు కనిపెట్టి చూస్తాడు. లోపల జిడ్డు ఉంటే ద్రావణం గోడకు చుక్కలుగా అంటుకుపోయి రీడింగు తప్పుతుంది, అప్పుడు మళ్లీ కడగాలి. చాలా కాలేజీల్లో ఆ కడుగుడికి వాడేది ఇప్పటికీ క్రోమిక్ యాసిడే. అందులో ఉండే హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం. ముప్పై బ్యూరెట్లను ఇలా చూసుకునేసరికి ఒక పూట గడిచిపోతుంది.

వీటన్నింటికీ డిస్టిల్డ్ వాటర్ కావాలి. ల్యాబ్‌లో ఆ నీళ్లు తయారుచేసే చిన్న స్టిల్ గంటకు నాలుగైదు లీటర్లకు మించి ఇవ్వదు. బోరు నీళ్ల ఉప్పు వల్ల హీటింగ్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది, దాన్ని యాసిడ్‌తో కరిగించి కడిగితే గాని స్టిల్ సరిగ్గా పనిచేయదు. మధ్యలో కరెంటు పోతే ఆ రోజు లెక్క తప్పినట్టే.

ఫిజిక్స్ ల్యాబ్‌లో ద్రావణాల బెడద లేదు గాని అక్కడి చిక్కులు అక్కడివి. సోడియం దీపం వేసిన వెంటనే పసుపు కాంతి రాదు, కొన్ని నిమిషాలు వేడెక్కాలి. పాతబడితే అసలు వెలగదు. స్పెక్ట్రోమీటర్ ప్రిజం టేబుల్‌ను లెవెల్ చేసి, టెలిస్కోపును దూరపు వస్తువు మీద ఫోకస్ చేసి పెట్టాలి. రెసిస్టెన్స్ బాక్సు ప్లగ్గులకు పట్టిన చిలుము గీకాలి, ఒక్క ప్లగ్గు వదులుగా ఉన్నా మీటర్ బ్రిడ్జి మీద బ్యాలెన్సింగ్ పాయింట్ దొరకదు. స్క్రూగేజీల్లో ఏది ఎంత జీరో ఎర్రర్ చూపిస్తోందో రాసుకోవాలి. ఇలాంటి పరికరాలు చాలావరకు హర్యానాలోని అంబాలా నుంచి వస్తాయి. ఒక విడిభాగం పోతే జిల్లా కేంద్రంలో దొరకదు. ఆర్డరు పెట్టి, వచ్చేదాకా కాచుకోవాల్సిందే.

జువాలజీ మ్యూజియంలో జాడీలన్నీ దించి చూడాలి. వేసవిలో ఫార్మాలిన్ ఆవిరైపోయి సగం బయటికి తేలిన నమూనా బూజు పట్టి పాడవుతుంది. ఆ జాడీ మూత తీసి కొత్త ఫార్మాలిన్ పోసేటప్పుడు కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. కప్పలు, బొద్దింకల డిసెక్షన్‌ను యూజీసీ 2014లో ఆపించింది కాబట్టి ఇప్పుడు ఆ జాడీలు, స్లైడ్లు, చార్టులే పిల్లలకు దిక్కు. వాటిని కాపాడే పని అంతకంత పెరిగింది. బాటనీలో హెర్బేరియం షీట్లకు పురుగు పడుతుంది. పాత షీట్లకు పురుగు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ పూసేవారు. ఏ షీటుకు పూశారో ఎక్కడా రాసిపెట్టని చోట టెక్నీషియన్ ఒట్టి చేతులతోనే వాటిని తిరగేస్తుంటాడు.

ఇంత పని ఉన్న మనిషి జూన్, జులై నెలల్లో ఎక్కడ ఉంటాడో ఒకసారి విచారించండి.

అధ్యాపకులకు వేసవి సెలవులు ఉంటాయి, బోధనేతర సిబ్బందికి ఉండవు. వాళ్లు ఏడాది పొడుగునా డ్యూటీలోనే ఉంటారు. ఆ లెక్కన సెలవుల్లో ల్యాబ్ తీరిగ్గా సర్దుకోవచ్చని ఎవరికైనా అనిపిస్తుంది. జరిగేది వేరు. తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ విధానంలో డిగ్రీ అడ్మిషన్లు విడతలు విడతలుగా నడుస్తాయి, ఆంధ్రప్రదేశ్‌లోనూ డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లోనే. సర్టిఫికెట్లు చూడటానికి, హెల్ప్‌డెస్క్‌లో కూర్చోవడానికి, ఊళ్లు తిరిగి కాలేజీలో చేరమని ప్రచారం చేయడానికి మొదట కనిపించేది ల్యాబ్ మనిషే. సప్లిమెంటరీ పరీక్షలొస్తే హాలు సర్దేది అతనే. ఆఫీసులో గుమాస్తా పోస్టు ఖాళీగా ఉంటే స్కాలర్‌షిప్ ఫైళ్లు అతని బల్ల మీదికే వస్తాయి. ఎన్నికల ఏడాదైతే పోలింగ్ డ్యూటీ సరేసరి. కాలేజీనే కౌంటింగ్ కేంద్రంగా తీసుకుంటే గదులు రోజుల తరబడి కాలేజీ చేతిలో ఉండవు.

ఇవన్నీ జరగాల్సిన పనులే, కాదనడం లేదు. అయితే అడ్మిషన్ కౌంటర్‌లో కూర్చోవడానికి కొద్దిపాటి శిక్షణతో మరొకరు దొరుకుతారు. పర్మాంగనేట్ గాఢత సరిచూసే మనిషి ఆ కాలేజీలో అతనొక్కడే. ఏ పని ఇంకొకరితో చేయించవచ్చు, ఏది చేయించలేం అన్న ఆలోచన లేకుండా డ్యూటీలు వేయడం వల్లే ల్యాబ్ తాళం క్లాసులకు రెండు రోజుల ముందు తెరుచుకుంటోంది.

టైమ్‌టేబుల్ సంగతి చూడండి. ఏ బ్యాచ్‌కు ఏ రోజు ఏ ప్రాక్టికలో తెలిస్తేనే ఏది ఎంత కలపాలో తెలుస్తుంది. అడ్మిషన్లు ముగిసేదాకా సెక్షన్లు ఎన్నో తేలవు, సెక్షన్లు తేలేదాకా టైమ్‌టేబుల్ రాదు. చాలాసార్లు క్లాసులు మొదలైన వారానికి అది చేతికొస్తుంది, మరో రెండు వారాల్లో మారుతుంది. సిలబస్ మార్పులు దీనికి తోడు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ విధానం వచ్చింది. పేపర్లు మారితే ప్రాక్టికల్స్ మారతాయి, ప్రాక్టికల్స్ మారితే కావలసిన రసాయనాలు, పరికరాలు మారతాయి. కొత్త సిలబస్ గురించి అధ్యాపకులకు సమావేశాలు పెడతారు. ఆ సమావేశాల్లో టెక్నీషియన్‌కు కుర్చీ ఉండదు. కొత్త ప్రయోగం జాబితా అతనికి అందేది ఆ ప్రయోగం చేయించాల్సిన వారంలోనే.

డబ్బు విషయంలో తిప్పలు ఇంకా ఎక్కువ. ల్యాబ్‌కు ఏం కావాలో టెక్నీషియన్ ఇండెంట్ రాస్తాడు. విభాగాధిపతి (హెచ్‌ఓడీ) సంతకం, ప్రిన్సిపాల్ సంతకం, మూడు కొటేషన్లు, కమిటీ తీర్మానం, ఆర్డరు, సరుకు, బిల్లు. ఈ మెట్లన్నీ ఎక్కేలోపు మార్చి 31 దాటితే ఆ ఏటి నిధులు మురిగిపోతాయి. పాత బిల్లులు రాని సప్లయర్ కొత్త సరుకు పంపడు. సిల్వర్ నైట్రేట్ బరువులో దాదాపు 63 శాతం వెండే కాబట్టి వెండి ధర పెరిగితే దాని ధరా పెరుగుతుంది, జనవరి కొటేషన్ జులైలో చెల్లదు. రెక్టిఫైడ్ స్పిరిట్‌కు ఎక్సైజ్ శాఖ పర్మిట్ కావాలి. చివరికి ఫిల్టర్ పేపర్లు, దూది, అగ్గిపెట్టెలు, బ్యాటరీ సెల్స్, సబ్బు టెక్నీషియన్ తన జేబులోంచి కొనుక్కొస్తాడు. అవుట్‌సోర్సింగ్ జీతం నెలలు ఆగిపోయిన మనిషి కూడా ఈ ఖర్చు పెట్టుకుంటున్నాడంటే అది అతని మంచితనం. దాని మీద ఆధారపడి ప్రభుత్వ కాలేజీ ల్యాబ్ నడవడం తప్పు.

అధికారం ఇవ్వకుండా బాధ్యత మోపిన చోటు ఇంకొకటి ఉంది. యాసిడ్ దాడుల మీద లక్ష్మి కేసులో సుప్రీంకోర్టు 2013 జులైలో ఇచ్చిన ఉత్తర్వు యాసిడ్ అమ్మకాలతో ఆగలేదు, విద్యాసంస్థలకూ నిబంధనలు పెట్టింది. యాసిడ్ వాడకానికి రిజిస్టర్ ఉండాలి, దాన్ని సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కు, అంటే మన దగ్గర ఆర్డీవోకో సబ్ కలెక్టర్‌కో సమర్పించాలి. యాసిడ్ భద్రతకు ఒక మనిషిని జవాబుదారీగా నిలపాలి. ల్యాబ్ నుంచి బయటికి వెళ్లే విద్యార్థులను, సిబ్బందిని తప్పనిసరిగా తనిఖీ చేయాలి. ఎంతో అవసరమైన ఉత్తర్వు ఇది. మన కాలేజీల్లో ఆ జవాబుదారీ మనిషి రాతపూర్వకంగా ఎవరైనా, రోజువారీగా ఆ సీసాలు ఉండేది టెక్నీషియన్ చేతుల్లోనే. అతనికి గట్టి తాళమున్న బీరువా ఇచ్చారా? తనిఖీ చేసే అధికారం ఉందని కాగితం ఇచ్చారా? ఎన్నికల డ్యూటీకి పంపిన రోజుల్లో ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో చెప్పారా? రేపు ఏదైనా జరిగితే మొదటి మెమో మాత్రం అతనికే వస్తుంది.

ప్రతి పాత ల్యాబ్‌లోనూ ఎవరూ తెరవడానికి ఇష్టపడని బీరువా ఒకటి ఉంటుంది. లేబుల్ ఊడిపోయిన సీసాలు, అడుగున గడ్డకట్టిన పొడులు, పగిలిన మానోమీటర్లలోంచి పోగేసిన పాదరసం అందులో ఉంటాయి. పిక్రిక్ ఆమ్లం తడిగా ఉన్నంతవరకు ఫర్వాలేదు, ఎండిపోతే పేలుడు పదార్థం. ఏళ్ల తరబడి ఉన్న ఈథర్ సీసాలో పెరాక్సైడ్లు పేరుకుంటాయి, మూత తిప్పితే చాలు ప్రమాదం. వీటిని సింకులో పారబోయకూడదు, పెరట్లో పూడ్చకూడదు. మరేం చేయాలో చెప్పేవాళ్లు లేరు. స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నంతకాలం ఆ సీసా ఉండి తీరాలి, పనికిరాని సరుకును తీసేయించే కండెమ్నేషన్ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో తెలియదు. వెరసి ఒక టెక్నీషియన్ రిటైరవుతూ ఆ బీరువాను తర్వాతి మనిషికి అప్పగిస్తాడు. అతను సంతకం పెట్టి తీసుకుంటాడు.

ఇలాంటి నిర్లక్ష్యం ఎక్కడికి దారితీస్తుందో ఈ దేశం చూసింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగంలో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న గామా ఇర్రేడియేటర్‌ను 2010 ఫిబ్రవరిలో తుక్కు కింద వేలం వేశారు. అందులో కోబాల్ట్-60 ఉంది. మాయాపురి తుక్కు బజారులో దాన్ని విప్పిన కార్మికులు రేడియేషన్‌కు గురయ్యారు, ఒకరు చనిపోయారు. లోపల ఏముందో తెలిసిన మనిషి మాట అడిగి, విని ఉంటే ఆ పరికరం వేలం దాకా వెళ్లేది కాదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 2018 డిసెంబరులో సిలిండర్ పేలి ఒక పరిశోధకుడు చనిపోయారు. అంత పెద్ద సంస్థలోనే అలా జరిగితే, మంటలార్పే సిలిండర్ గడువు ఎప్పుడు తీరిందో చూసే నాథుడు లేని కాలేజీల సంగతి ఆలోచించండి.

రోజూ జరిగే హాని ఇంత పెద్దగా వినబడదు. సాల్ట్ అనాలిసిస్ ఉన్న రోజుల్లో కిప్స్ అపరేటస్‌లో ఫెర్రస్ సల్ఫైడ్ మీద యాసిడ్ పోసి హైడ్రోజన్ సల్ఫైడ్ తయారు చేస్తారు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే ఆ వాయువు విషం. మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది కాబట్టి వాసన పోయిందని ప్రమాదం పోయినట్టు కాదు. విద్యార్థి ఆ గదిలో ఉండేది రెండు మూడు గంటలు. టెక్నీషియన్ ఉండేది రోజంతా, ఏళ్ల తరబడి. అతని ఊపిరితిత్తులకు ఏటా పరీక్ష చేయించే ఏర్పాటు మీ రెండు శాఖల్లో ఎక్కడైనా ఉంటే, దాన్ని అన్ని కాలేజీలకూ విస్తరించండి. లేకపోతే మొదలుపెట్టండి.

ఇక్కడ కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. అసలు ప్రాక్టికల్స్ చేసేదెవరు, రికార్డులు చూసి రాస్తున్నారు, మార్కులు ఎలాగూ పడుతున్నాయి కదా, ల్యాబ్ ఎలా ఉంటేనేం అని. అందులో నిజం ఉంది. అయితే కారణాన్ని తిరగేసి చూస్తున్నారు. ద్రావణం సరిగా లేనప్పుడు, నలుగురికి ఒక్క బ్యూరెట్ దక్కినప్పుడు, సోడియం దీపం వెలగనప్పుడు పిల్లవాడు చేసేదేమిటి? రావలసిన విలువ తెలుసు కాబట్టి వెనక నుంచి లెక్క కట్టి రీడింగులు వేసుకుంటాడు. ఆ అలవాటు మొదటి సెమిస్టర్ మొదటి వారంలోనే పడుతుంది. ఆ తర్వాత మూడేళ్లు పోదు.

అలా చదివిన పిల్లలు వెళ్లేది ఎక్కడికి? హైదరాబాద్ చుట్టూ, విశాఖ దగ్గర పరవాడలో ఉన్న మందుల పరిశ్రమలు బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లలకు పెద్ద ఉపాధి. అక్కడి క్వాలిటీ కంట్రోల్ విభాగంలో ద్రావణం తయారు చేయడం, గాఢత సరిచూడటం, చూసింది చూసినట్టు రాయడం రోజువారీ పని. అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీకి వచ్చినప్పుడు మొదట చూసేవాటిలో ల్యాబ్ రికార్డులు ఉంటాయి. అక్కడ లేని రీడింగు రాస్తే కంపెనీ ఎగుమతులకే ముప్పు, ఆ మందు మింగే రోగికి ఇంకా పెద్ద ముప్పు. కాలేజీలో రీడింగులు అల్లడం నేర్చుకున్న పిల్లవాణ్ని ఆ ఉద్యోగానికి పంపుతున్నాం. తన చేత్తో చేసి చూసిన పిల్లవాణ్ని పంపాలంటే మొదటి రోజుకే ల్యాబ్ సిద్ధంగా ఉండాలి.

ఏటా ఫిబ్రవరి 28న మీ కాలేజీలన్నీ జాతీయ సైన్స్ దినోత్సవం చేస్తాయి. 1928లో అదే రోజున సి.వి. రామన్ ‘రామన్ ఎఫెక్ట్’ను కనుగొన్నారు. 1907లో ఆర్థిక శాఖ ఉద్యోగిగా కలకత్తా వచ్చిన రామన్, బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ తలుపు తట్టినప్పుడు తెరిచింది ఆశుతోష్ డే. అందరూ ఆశుబాబు అనేవారు. కాలేజీ చదువు లేని ఆ సహాయకుడు పాతికేళ్ల పాటు రామన్ ప్రయోగాలకు కుడిభుజంగా నిలిచాడు. మైకేల్ ఫారడే 1813లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరింది ల్యాబ్ సహాయకుడిగానే. సైన్స్ దినోత్సవం వేదిక మీద ప్రసంగాలు విని, బల్లలు సర్ది, ప్రదర్శన పరికరాలు మోసి వెనక నిలబడే మనిషికి ఈ పేర్లు ఎవరైనా చెప్పారా? బ్రిటన్‌లో 2017లో మొదలైన టెక్నీషియన్ కమిట్‌మెంట్ కింద విశ్వవిద్యాలయాలు తమ టెక్నీషియన్ల గుర్తింపు, శిక్షణ, పదోన్నతుల గురించి బహిరంగంగా మాట ఇస్తున్నాయి. మన దగ్గర అటువంటి మాట ఇచ్చే అధికారం మీ చేతుల్లో ఉంది.

అందుకే కొన్ని విన్నపాలు.

మొదటిది ముందే చెప్పినదే. ఉన్నత విద్యా మండళ్లతో, విశ్వవిద్యాలయాలతో మాట్లాడి క్లాసులకు ముందు పదిహేను పనిదినాలను ల్యాబ్ సన్నద్ధతగా క్యాలెండర్‌లో పెట్టించండి. ఆ రోజుల్లో అడ్మిషన్, పరీక్ష డ్యూటీల నుంచి ల్యాబ్ సిబ్బందిని మినహాయించండి. ఎన్నికల డ్యూటీ తప్పకపోతే ఆ మేరకు ప్రాక్టికల్స్ ప్రారంభాన్ని వెనక్కి జరపండి.

రెండోది, ఆ పదిహేను రోజుల మొదటి రోజుకల్లా ప్రయోగాల జాబితా, బ్యాచ్‌ల అంచనా హెచ్‌ఓడీ సంతకంతో టెక్నీషియన్ చేతికి అందాలి. అడ్మిషన్లు పూర్తికాకపోయినా నిరుటి సంఖ్యతో అంచనా వేయవచ్చు. సిలబస్ మారినప్పుడు జరిగే సమావేశాలకు టెక్నీషియన్లనూ పిలవండి.

మూడోది, ప్రతి సైన్స్ విభాగానికీ చిన్న మొత్తం ముందే చేతిలో పెట్టండి. దూదికి, ఫిల్టర్ పేపరుకు, సెల్స్‌కు మూడు కొటేషన్లు అడగకండి. పెద్ద ఇండెంట్లు జనవరిలో తీసుకుని, సరుకు మే నెలాఖరుకు అందేలా చూడండి.

నాలుగోది, రక్షణ. పనిచేసే ఎగ్జాస్ట్ ఫ్యాన్, కళ్లద్దాలు, యాసిడ్‌కు ఆగే గ్లవుజులు, కళ్లు కడుక్కునే ఏర్పాటు, ప్రథమ చికిత్స పెట్టె లేని ల్యాబ్‌లో ప్రాక్టికల్ పెట్టకూడదని ఆదేశించండి. పాత రసాయనాలు తీసుకుపోవడానికి కాలుష్య నియంత్రణ మండళ్లతో ఒప్పందం చేసుకోండి. తెలంగాణలో దుండిగల్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో పరవాడలో ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రాలు ఉన్నాయి. ఏడాదికి ఒకసారి జిల్లాకు ఒక లారీ తిరిగితే ఆ బీరువాలు ఖాళీ అవుతాయి.

అయిదోది, మనుషులు. ఖాళీ పోస్టులు భర్తీ చేయండి. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బందికి నెలనెలా జీతం అందేలా చూడండి. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది. ఆ తీర్పు మీ శాఖల్లో ఎంతవరకు అమలవుతోందో సమీక్షించండి. రసాయనాల నిర్వహణ, పరికరాల మరమ్మతు, ప్రమాద నివారణల్లో ఏటా వారం రోజుల శిక్షణ ఇవ్వండి. ఆ శిక్షణకు పదోన్నతిలో విలువ ఇవ్వండి.

వీటిలో కొన్నింటికి డబ్బు కావాలి, కొన్నింటికి ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. వాటికి సమయం పడుతుందని టెక్నీషియన్లకూ తెలుసు. మొదటి రెండింటికి మాత్రం ఒక్క రూపాయి అక్కర్లేదు. ఒక ఉత్తర్వు చాలు. రాబోయే విద్యా సంవత్సరం క్యాలెండర్ ముసాయిదా మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, క్లాసుల ప్రారంభ తేదీకి పై వరుసలో ల్యాబ్ సన్నద్ధత తేదీలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే రాయించి, ఆ తర్వాతే సంతకం చేయండి.


ఒక పత్రికా రచయిత